హరికేన్ కేటగిరీ 4 నుంచి 2కి తగ్గితే ప్రమాదం తగ్గినట్టేనా? గాలి వేగాలను ఎలా చదవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అక్కవాళ్లు ఫ్లోరిడా పడమటి తీరంలో, టాంపా దగ్గర ఉంటారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో హరికేన్ పుట్టిన ప్రతిసారీ కేటగిరీ అంకె రోజుకోలా మారుతుంటుంది. ఒక ఛానల్ గంటకు 130 మైళ్ల గాలి అంటుంది, ఇంకో ఛానల్ 160 అంటుంది, తెలుగు వార్తల్లో కిలోమీటర్లలో మరేదో అంకె కనిపిస్తుంది. ఏది నమ్మాలి, కేటగిరీ తగ్గిందంటే టెన్షన్ పడటం మానేయొచ్చా అన్నారు.

మానేయకూడదు. కేటగిరీ అనేది గాలి ఒక్కదాని గురించే చెబుతుంది. అదీ తుపాను మొత్తంలో ఎక్కడో ఒకచోట వీస్తున్న అత్యధిక గాలి గురించి. అక్కవాళ్లు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది చాలాసార్లు నీటిని బట్టి తేలుతుంది, గాలిని బట్టి కాదు. తుపాను బులెటిన్లు చదివి జనానికి విడమరిచి చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇంతకన్నా ఎక్కువగా అపార్థమయ్యే విషయం నాకు ఇంకోటి తగల్లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అంకెలు. అట్లాంటిక్‌లో, గల్ఫ్‌లో, తూర్పు పసిఫిక్‌లో వాడేది సఫిర్-సింప్సన్ స్కేలు. గాలి గంటకు 39 మైళ్లు, అంటే 63 కిలోమీటర్లు చేరితే ఆ తుపానుకు పేరు పెడతారు. దాన్ని ట్రాపికల్ స్టార్మ్ అంటారు. 74 మైళ్లు, అంటే 119 కిలోమీటర్లు చేరితే హరికేన్. అక్కడి నుంచి 95 మైళ్ల వరకు కేటగిరీ 1. 96 నుంచి 110 వరకు కేటగిరీ 2. 111 నుంచి 129 వరకు కేటగిరీ 3, కిలోమీటర్లలో 178 నుంచి 208. 130 నుంచి 156 మైళ్ల వరకు కేటగిరీ 4, కిలోమీటర్లలో 209 నుంచి 251. 157 మైళ్లు, అంటే 252 కిలోమీటర్లు చేరితే కేటగిరీ 5. దానికి పైన హద్దు లేదు. 3, ఆపైన ఉన్నవాటిని మేజర్ హరికేన్లు అంటారు.

మేజర్ అన్న మాట వల్ల 1, 2 చిన్నవన్న భావన జనంలో పడిపోయింది. కేటగిరీ 1 గాలికే కప్పు పెంకులు లేస్తాయి, పెద్ద కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి, కరెంటు కొన్ని రోజులు ఉండదు. 3లో కప్పు కింది చెక్క పలకలు ఊడటం మొదలవుతుంది. 4లో కప్పు చాలావరకు పోవచ్చు, కొన్ని బయటి గోడలు కూడా కూలొచ్చు, ఆ ప్రాంతం వారాలు, నెలల తరబడి నివాసానికి పనికిరాకుండా పోవచ్చు.

ఇక 130, 160 తేడా. ఆ రెండూ ఒకే తుపానువి అయి ఉండొచ్చు, రెండూ నిజమే కావచ్చు. కేటగిరీకి లెక్కలోకి తీసుకునేది నిలకడ గాలి, అంటే నేలకు లేదా సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తులో, ఒక నిమిషం పాటు వీచిన గాలి సగటు. ఆ నిమిషంలోనే గాలి మధ్యమధ్య విసురుగా కొడుతుంది. మూడు సెకన్ల పాటు ఉండే ఆ విసురును గస్ట్ అంటారు. అది నిలకడ గాలి కంటే మామూలుగా 20 నుంచి 30 శాతం ఎక్కువ ఉంటుంది. 130 నిలకడ ఉంటే గస్ట్ 160 దాకా వెళ్లడం సహజం. ఛానళ్లు పెద్ద అంకెనే తెర మీద వేస్తాయి. మీరు గస్ట్ అంకెను తీసుకెళ్లి కేటగిరీల పక్కన పెడితే 4 ఉన్నది 5 అయిపోతుంది. భూమి మీద నమోదైన అతిపెద్ద గస్ట్, టోర్నడోలను పక్కన పెడితే, గంటకు 408 కిలోమీటర్లు. 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుపానులో, ఆస్ట్రేలియా పడమటి తీరానికి దగ్గరున్న బారో దీవిలో నమోదైంది. నిలకడ గాలిలో అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ రికార్డు 2015లో మెక్సికో పక్క సముద్రంలో వచ్చిన పట్రిషియాది, గంటకు 215 మైళ్లు. అంటే దాదాపు 345 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని పోల్చడం కుదరదు, ఎందుకంటే కొలిచింది వేర్వేరు విషయాలు.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. తుపాను గంటకు 20 మైళ్ల వేగంతో కదులుతోంది, గాలి 120, కాబట్టి మొత్తం 140 అని కలిపేస్తారు. కలపక్కర్లేదు. బులెటిన్‌లో ఇచ్చే గరిష్ఠ గాలిలో తుపాను నడక వేగం అప్పటికే కలిసి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను వెళ్లే దిక్కుకు కుడివైపు గాలి ఎక్కువగా ఉండటానికి ఒక కారణం అదే. ఆ వైపు సుడి తిరిగే వేగం, ముందుకు నడిచే వేగం ఒకే దిక్కులో ఉంటాయి. ఎడమవైపు ఒకదాన్ని ఒకటి తగ్గించుకుంటాయి.

కేటగిరీలు మెట్ల మాదిరిగా సమానంగా ఉంటాయనుకోవడం వల్లే ఎక్కువ మంది దెబ్బతింటారు. గాలి ఒక గోడ మీద వేసే ఒత్తిడి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గాలి రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. లెక్క వేసి చూడండి: గంటకు 119 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న గోడ మీద చదరపు మీటరుకు సుమారు 68 కిలోల బరువంత తోపు పెడుతుంది. 252 కిలోమీటర్ల గాలి అదే చదరపు మీటరు మీద సుమారు 306 కిలోలు. గాలి రెండింతలకు కొంచెం పైన పెరిగితే తోపు నాలుగున్నర ఇంతలైంది. నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది. ఒక్కో కేటగిరీ పెరిగితే నష్టం సుమారు నాలుగింతలవుతుందని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం చెబుతుంది.

ఎందుకంటే ఇల్లు కొంచెం కొంచెంగా దెబ్బతినదు. ఒక హద్దు వరకు అన్నీ పట్టుకుని ఉంటాయి, ఆ తర్వాత ఒకటి తెగితే మిగతావి వరసగా పోతాయి. అమెరికా ఇళ్లలో తరచుగా ముందు పోయేది గ్యారేజీ తలుపు. వెడల్పుగా, పలుచగా ఉంటుంది. అది లోపలికి విరిగితే గాలి ఇంట్లోకి దూరి కప్పును కింది నుంచి పైకి తోస్తుంది. అదే సమయంలో బయట కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది. రెండూ కలిసి కప్పును లేపేస్తాయి. కప్పు పోతే గోడలకు పై ఆధారం ఉండదు. అందుకని అక్కవాళ్ల ఇల్లు ఎప్పుడు కట్టిందో కనుక్కోండి. 1992లో ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను నేలమట్టం చేశాక నిర్మాణ నియమాలు బిగించారు. రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ 2002లో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కట్టిన ఇల్లు, అంతకు ముందుది ఒకే గాలికి ఒకేలా ఉండవు. మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే తేలికపాటి ఇల్లు) అయితే ఈ చర్చే వద్దు, ఏ కేటగిరీ అయినా అందులో ఉండకూడదు. బహుళ అంతస్తుల భవనంలో పై అంతస్తుల్లో ఉంటే బులెటిన్ చెప్పిన దానికంటే గాలి 30 శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు, ఎందుకంటే ఆ అంకె 10 మీటర్ల ఎత్తుది.

ఈ అంకెలను ఎలా కనుక్కుంటారో కూడా తెలిస్తే వాటి మీద ఎంత భారం వేయాలో అర్థమవుతుంది. నడి సముద్రంలో గాలి కొలిచే స్తంభాలు ఉండవు. అమెరికా వైమానిక దళం, అక్కడి సముద్ర-వాతావరణ సంస్థ నోవా విమానాలు తుపాను కంటిలోకి, అంటే నడిమి ప్రశాంత భాగంలోకి దూసుకెళ్తాయి. అక్కడి నుంచి డ్రాప్‌సోండ్ అనే గొట్టం లాంటి పరికరాన్ని చిన్న పారాచూట్‌తో వదులుతారు. అది సముద్రంలో పడేదాకా గాలి, పీడనం, తేమ, ఉష్ణోగ్రత పంపుతూనే ఉంటుంది. విమానం అడుగున ఉండే ఇంకో పరికరం అలల నురుగు నుంచి వచ్చే మైక్రోవేవ్ కిరణాలను బట్టి నీటి మట్టం దగ్గరి గాలిని అంచనా వేస్తుంది. విమానం వెళ్లలేని చోట ఉపగ్రహ చిత్రంలో మేఘాల ఆకారాన్ని బట్టి బలం లెక్కగడతారు. వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించిన పద్ధతి అది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది.

ఇవన్నీ చూసి నిపుణుడు ఒక అంకె తేలుస్తాడు. దాన్ని నాట్లలో (నాట్ అంటే సముద్రం మీద వాడే వేగపు కొలత, గంటకు సుమారు 1.15 మైళ్లు) దగ్గరి 5 గుణిజానికి సర్ది ప్రకటిస్తారు. ఈ సర్దుబాటు వల్ల ఒకప్పుడు పెద్ద చిక్కే వచ్చింది. 115 నాట్లు అంటే 132 మైళ్లు. నాట్లలో అది కేటగిరీ 4. మైళ్లలోనూ దగ్గరి 5 గుణిజానికి సర్దితే 130, పాత పట్టిక ప్రకారం అది కేటగిరీ 3. ఒకే తుపాను రెండు లెక్కల్లో రెండు కేటగిరీలు! దాంతో 2012లో కేటగిరీ 4 హద్దులను రెండు వైపులా ఒక్కో మైలు జరిపారు. హద్దు అంచున ఉన్న తుపాను 3నా 4నా అని వాదించుకోవడం ఎంత వ్యర్థమో చూడండి. 2017లో మరియా హరికేన్ ప్యూర్టో రీకోను తాకినప్పుడు గాలి 155 మైళ్లు, కేటగిరీ 5కి రెండు మైళ్లు తక్కువ. ఆ దీవిలో చాలామందికి నెలల తరబడి కరెంటు రాలేదు. నేను పైన చెప్పిన ఆండ్రూను మొదట 4 అన్నారు, పదేళ్ల తర్వాత 2002లో మళ్లీ పరిశీలించి 5 అని సరిదిద్దారు. 2018లో ఫ్లోరిడాను కొట్టిన మైఖేల్‌ది కూడా అదే కథ. మరుసటి ఏడాది 4 నుంచి 5కి మార్చారు. ఆ ఇళ్లు ఏ అంకెకు కూలాయో ఆ ఇళ్లవాళ్లకు తేడా లేదు.

ఇప్పుడు నీటి సంగతి. స్కేలు మొదలుపెట్టినప్పుడు నీరు కూడా అందులో ఉండేది. హెర్బర్ట్ సఫిర్ నిర్మాణ ఇంజనీరు, 1969లో గాలి వల్ల భవనాలకు జరిగే నష్టాన్ని బట్టి మెట్లు తయారుచేశారు. జాతీయ హరికేన్ కేంద్రం డైరెక్టర్‌గా ఉన్న రాబర్ట్ సింప్సన్ వాటికి ఉప్పెన ఎత్తులను జోడించారు. ఫలానా కేటగిరీకి ఇన్ని అడుగుల ఉప్పెన అని పట్టికలో రాసి ఉండేది. ఆచరణలో అది జనాన్ని తప్పుదారి పట్టించింది.

2005లో కత్రినా గల్ఫ్ మధ్యలో 175 మైళ్ల గాలితో కేటగిరీ 5. లూసియానాలో తీరం దాటేటప్పటికి 125 మైళ్లు, అంటే 3. గాలి తగ్గింది గానీ అంతకు ముందే కదిలిన సముద్రం తగ్గలేదు. మిసిసిపీ తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది. 2008లో ఐక్ కేటగిరీ 2గా టెక్సాస్‌లోని గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న బొలివర్ ద్వీపకల్పంలో 15 నుంచి 20 అడుగుల నీరు వచ్చి ఇళ్ల వరసలనే తుడిచిపెట్టింది. ఇలాంటివి చూశాక 2010 నుంచి స్కేలులోంచి ఉప్పెననూ పీడనాన్నీ తీసేసి, పేరులోనే గాలి అన్న పదం చేర్చారు. 2012లో శాండీ న్యూజెర్సీ తీరాన్ని తాకేటప్పటికి సాంకేతికంగా హరికేన్ కూడా కాదు. గాలి సుమారు 80 మైళ్లు. కానీ తుపాను గాలుల వెడల్పు దాదాపు వెయ్యి మైళ్లు. న్యూయార్క్ సబ్‌వే సొరంగాల్లోకి సముద్రం వచ్చింది.

ఉప్పెన ఎత్తును నిర్ణయించేవి తుపాను ఎంత వెడల్పుగా ఉంది, ఏ కోణంలో తీరానికి వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది, తీరం దగ్గర సముద్రపు అడుగు ఎంత లోతుగా ఉంది అన్నవి. ఫ్లోరిడా పడమటి తీరంలో ఆ అడుగు చాలా దూరం వరకు పెద్దగా లోతు లేకుండా సాగుతుంది. గాలి తోసిన నీటికి కిందికి జారిపోయే చోటు ఉండదు, ఒడ్డు మీదికే ఎక్కుతుంది. తక్కువ పీడనం వల్ల నీరు పైకి లేవడం కూడా ఉంటుంది గానీ అది ఒక మిల్లీబారుకు ఒక సెంటీమీటరు మాత్రమే. అసలు పని గాలి తోపుది.

మీ అక్కవాళ్ల ప్రాంతంలోనే 2024లో రెండు వారాల తేడాతో రెండు తుపానులు వచ్చాయి. ఈ విషయాన్ని నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. సెప్టెంబర్ 26న హెలీన్ కేటగిరీ 4గా తీరం దాటింది, కానీ టాంపాకు ఉత్తరాన ఎక్కడో బిగ్ బెండ్ ప్రాంతంలో. టాంపా బే (టాంపాను ఆనుకుని ఉన్న అఖాతం) ముందు నుంచి వెళ్లేటప్పుడు దాని కన్ను వంద మైళ్లకు పైగా దూరంలో, సముద్రంలో ఉంది. టాంపాలో హరికేన్ స్థాయి నిలకడ గాలే లేదు. అయినా అది చాలా వెడల్పైన తుపాను, దాని కుడివైపు గాలులు గంటల తరబడి నీటిని బే లోకి తోశాయి. అక్కడ అంతకు ముందెన్నడూ నమోదు కాని ఎత్తుకు నీరు చేరింది. ఆ పక్కనే ఉన్న పినెల్లస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) జనం ఇళ్లలోనే మునిగి చనిపోయారు. కేటగిరీ ప్రకారం చూస్తే ఆ రాత్రి వాళ్లు హరికేన్‌లోనే లేరు.

అక్టోబర్ 9న మిల్టన్. రెండు రోజుల ముందు గల్ఫ్‌లో 180 మైళ్ల గాలితో కేటగిరీ 5, తీరం దాటేటప్పటికి కేటగిరీ 3. ఈసారి కన్ను టాంపా బేకు కొంచెం దక్షిణాన, సరసోటా పక్కనున్న సియెస్టా కీ దగ్గర దాటింది. అంటే టాంపా బే ఎడమవైపు పడింది. అక్కడ గాలి నేల మీంచి సముద్రం వైపు వీచి నీటిని వెనక్కి లాగేసింది. భయపడిన ఉప్పెన బేలో రాలేదు. కానీ బే ఒడ్డునున్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సుమారు 18 అంగుళాల వాన పడింది, గస్ట్ వంద మైళ్లు దాటింది, అక్కడి బేస్‌బాల్ స్టేడియం కప్పు చీలికలైంది. రాష్ట్రానికి అవతలి వైపు, తూర్పు తీరంలోని సెయింట్ లూసీ కౌంటీలో మిల్టన్ పుట్టించిన టోర్నడోలకే ఆరుగురు పోయారు. ఆ కన్ను కొన్ని పదుల మైళ్లు ఉత్తరాన దాటి ఉంటే బే లోపల జరిగేది పూర్తిగా వేరు. అంత ముందుగా అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మిల్టన్‌కి ఖాళీ చేసి వెళ్లినవాళ్లు అనవసరంగా వెళ్లామని అనుకుంటే దయచేసి ఈ మాట చెప్పండి.

మొత్తంగా చూస్తే, 1963 నుంచి 2012 వరకు అమెరికాలో అట్లాంటిక్ తుపానుల వల్ల నేరుగా చనిపోయినవారిలో సుమారు 90 శాతం మంది నీటి వల్లే పోయారు. అందులో ఉప్పెన వాటా మొత్తం మరణాల్లో దాదాపు సగం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వాన వరద. 2017లో హార్వీ తీరం దాటాక ట్రాపికల్ స్టార్మ్‌గా బలహీనపడి, కదలకుండా కూర్చుని టెక్సాస్‌లో ఒకచోట 60 అంగుళాలకు పైగా కురిసింది. టీవీలో మాత్రం అంకె అప్పటికే తగ్గిపోయింది.

అంకె తగ్గడం గురించి అడిగారు గానీ పెరగడం కూడా చూసుకోవాలి. 24 గంటల్లో గాలి 35 మైళ్లు పెరిగితే దాన్ని వేగవంతమైన బలోపేతం అంటారు. 2023లో ఓటిస్ ట్రాపికల్ స్టార్మ్‌గా ఉన్నది ఒక రోజులోపే కేటగిరీ 5 అయి అకపుల్కోను కొట్టింది. ముందు రోజు పొద్దున కేటగిరీ చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లకు సర్దుకునే సమయమే దొరకలేదు. గల్ఫ్‌లో నీరు బాగా వేడిగా ఉండే ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్లలో కేటగిరీ 1ని చూసి రేపటికీ 1గానే ఉంటుందని అనుకోవద్దు.

కిలోమీటర్ల గందరగోళం గురించి ఒక్క మాట. వేరే సముద్రాల స్కేళ్లు వేరు. భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీసుకుంటుంది. అక్కడ 64 నాట్ల దగ్గర అతి తీవ్ర తుపాను, 120 నాట్లు, అంటే గంటకు సుమారు 222 కిలోమీటర్ల దగ్గర సూపర్ సైక్లోన్ మొదలవుతాయి. జపాన్, ఆస్ట్రేలియా 10 నిమిషాల సగటు తీసుకుంటాయి. సగటు కాలం పెరిగితే అంకె తగ్గుతుంది, కాబట్టి ఒకే తుపానుకు జపాన్ అంకె అమెరికా అంకె కంటే పది శాతం అటూ ఇటుగా తక్కువ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో కేటగిరీ 3 అన్నది సుమారుగా అమెరికా కేటగిరీ 1 దగ్గర మొదలవుతుంది. ఒక దేశం కేటగిరీని ఇంకో దేశం తుపానుకు అంటించవద్దు.

అక్కవాళ్లు చేయాల్సింది సీజన్ రాకముందే కౌంటీ వెబ్‌సైట్‌లో తమ అడ్రసు కొట్టి ఎవాక్యుయేషన్ జోన్, అంటే ఖాళీ చేయించే వరసలో తమది ఏ ప్రాంతమో చూసుకోవడం. ఫ్లోరిడాలో ఆ జోన్లకు ఎ, బి, సి అని అక్షరాలుంటాయి, ఉప్పెనకు ముందు మునిగేది ఎ. ఇన్సూరెన్స్ కాగితాల్లో కనిపించే వరద జోన్ వేరు, దాన్ని దీనితో కలపొద్దు. కౌంటీ తమ అక్షరాన్ని పిలిస్తే, అంటే ఆ జోన్‌ను ఖాళీ చేయమంటే, కేటగిరీ 1 అయినా వెళ్లిపోవాలి. రాష్ట్రం దాటి పోనక్కర్లేదు, చాలాసార్లు కొన్ని మైళ్లు లోపలికి, ఎత్తుగా ఉన్న గట్టి ఇంటికి వెళ్తే చాలు. అక్షరం పిలవకపోతే, ఇల్లు 2002 తర్వాతది అయితే, అప్పుడు గాలి అంకె చూసి ఉండాలా వద్దా నిర్ణయించుకోవచ్చు. కేటగిరీ నిజంగా పనికొచ్చేది అక్కడే. నడిచే నీటిలోకి మాత్రం దిగొద్దని చెప్పండి, ఆరు అంగుళాలు చాలు పెద్ద మనిషిని పడేయడానికి, రెండడుగులు చాలా కార్లను లాక్కుపోతాయి.

జాతీయ హరికేన్ కేంద్రం పూర్తి బులెటిన్ వేసవి సమయం ప్రకారం టాంపాలో ఉదయం 5కి, 11కి, సాయంత్రం 5కి, రాత్రి 11కి వస్తుంది. తీరానికి హెచ్చరిక జారీ అయ్యాక మధ్యలో 2కి, 8కి కూడా ఇస్తారు. అందులో గాలి వేగం పైనే ఉంటుంది. మీరు కిందికి వెళ్లి ఉప్పెన అడుగులు ఇచ్చిన భాగంలో టాంపా బే పేరు వెతకండి. ఆ తర్వాత వాన అంగుళాలు, ఆ తర్వాత టోర్నడో గురించి రాసిన రెండు వాక్యాలు చదవండి. ఉప్పెన హెచ్చరిక 2017 నుంచి గాలి హెచ్చరికతో సంబంధం లేకుండా విడిగా ఇస్తున్నారు, మ్యాప్‌లో దాని రంగు కూడా వేరు. అక్కవాళ్ల వీధి ఆ రంగులో ఉంటే వెంటనే ఫోన్ చేయండి.